పెన్‌డ్రైవులోని పెండ్లి: వీడియో టేపుల నకళ్లపై ఒక విమర్శ

“మీ పాత వీడియో క్యాసెట్లను డిజిటల్ చేసి పెన్‌డ్రైవులో వేసి ఇచ్చెదము, ఇక మీ జ్ఞాపకములు శాశ్వతము.” ఇటువంటి ప్రకటనలు నేడు చిన్న పట్టణములలో సైతము కనబడుచున్నవి. ఇందు రెండు మాటలున్నవి. మొదటిది ఒక పనిని గూర్చినది. ఆ పని చేయదగినది, త్వరగా చేయదగినది కూడ. రెండవది వాగ్దానము. దానికి విజ్ఞానశాస్త్రమున ఆధారము లేదు. టేపులోని దానిని కంప్యూటరులోనికి ఎక్కించుటలో నిజముగా జరుగునదేమి, అందు పోవునదేమి, మంచి నకలును చెడ్డ నకలునుండి ఎట్లు గుర్తింపవలెను అను విషయములను ఈ వ్యాసమున పరిశీలింతము. ఉన్నత పాఠశాలలో నేర్చు భౌతికశాస్త్రము, అంకగణితము ఇందుకు చాలును.

ఈ సంగతి కేవలము ఇంటి ముచ్చట అని కొందరు తలంపవచ్చును. డోన్ పట్టణమునే ఉదాహరణగా తీసికొందము. ద్రోణాచలమని పేరుగల ఈ రైలు జంక్షను ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనిది. 2022నుండి నంద్యాల జిల్లాలోనిది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో మన దేశమున రంగుల టెలివిజన్ వ్యాపించెను. ఆ దశకమునందే వీడియో కెమెరాలు పెండ్లి పందిళ్లలోనికి వచ్చినవి. ఆనాటి పెండ్లి టేపు ఏ ఇంటి అటకపై ఉన్నను, అందున్నది వధూవరుల బొమ్మ ఒక్కటే కాదు. మీటరు గేజి బండి దిగివచ్చిన బంధువుల వేషభాషలు, బేతంచెర్ల బండలు పరచిన నడవలు, నేడు లేని వీధులు, నేడు లేని పెద్దలు అందు ఉండవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, కెమెరా ఉన్నదని మరచి పెద్దలు మాటలాడుకొన్న సీమ పలుకుబడి అందు ఉండవచ్చును. రాజుల చరిత్రకు శాసనములున్నవి. సామాన్యుల ఇండ్లలోని నడవడికకు ఇట్టి టేపులే శాసనములు. కావున వాని నకలు ఎట్లు తీయబడుచున్నదో విమర్శించుట అనవసర ప్రసంగము కాదు.

టేపుపై నున్నది బొమ్మ కాదు

సినిమా ఫిల్మును వెలుతురున కెత్తి చూచినచో చిన్న చిన్న బొమ్మలు కంటికి కనబడును. వీడియో టేపును ఎంత ఎత్తి చూచినను గోధుమరంగు పట్టీ తప్ప మరేమియు కనబడదు. పలుచని ప్లాస్టిక్ పట్టీపై అయస్కాంత ధర్మముగల పొడిని ఒక బంధక పదార్థముతో అంటించినదే టేపు. ఆ పొడి రేణువులు ఏ దిక్కునకు అయస్కాంతీకరింపబడియున్నవో ఆ క్రమమే దృశ్యము, ఆ క్రమమే శబ్దము. దానిని చదువు యంత్రము లేనిచో ఆ పట్టీ మూగ వస్తువు.

మన దేశమున ఇండ్లలో వాడుకకు వచ్చిన క్యాసెట్లలో పెక్కు వి.హెచ్.ఎస్. పద్ధతివి. జపానుకు చెందిన జె.వి.సి. సంస్థ దీనిని 1976లో విడుదల చేసెను. మన టెలివిజన్ పద్ధతి ప్రకారము ఈ టేపు సెకనుకు 23.39 మిల్లీమీటర్లు మాత్రమే నడచును. మూడు గంటల క్యాసెట్టులో నడచు టేపు సుమారు 250 మీటర్లు. ఇంత మెల్లగా నడచు టేపుపై దృశ్యమును వ్రాయుట ఎట్లు? దృశ్య సంకేతపు పౌనఃపున్యము సెకనుకు లక్షలమీద నుండును. అందుచేత టేపు వేగమును పెంచుటకు మారుగా, చదువు శిరస్సునే వేగముగా తిప్పిరి. యంత్రములో 62 మిల్లీమీటర్ల వ్యాసముగల ఒక డోలు సెకనుకు 25 మార్లు తిరుగును. దాని అంచున రెండు శిరస్సులు ఎదురెదురుగా నుండును. డోలు చుట్టుకొలతను 25చే గుణించినచో శిరస్సు వేగము తెలియును: సెకనుకు సుమారు 4.87 మీటర్లు. టేపు ఈ డోలును ఏటవాలుగా చుట్టుకొని పోవుటచే ప్రతి శిరస్సు టేపుపై ఏటవాలు గీత నొకదానిని వ్రాయును. ఆ గీత వెడల్పు 49 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో సుమారు ఇరువదవ వంతు. సెకనుకు ఇట్టి గీతలు 50 పడును. పాతికేండ్ల తరువాత మరియొక యంత్రము ఆ సన్నని గీతలపైననే తప్పక నడువవలెను. గీత తప్పినచో తెరపై తెల్లని తుంపరల పట్టీ వచ్చును. దానిని సరిదిద్దుటకే యంత్రమునకు ‘ట్రాకింగ్’ అను మీట ఉన్నది.

శబ్దము సంగతి వేరు. సాధారణమైన యంత్రములలో అది టేపు అంచున నిలువుగా వ్రాయబడును. అక్కడ డోలు సహాయము లేదు. పాటల క్యాసెట్టు సెకనుకు 47.6 మిల్లీమీటర్లు నడచును. వీడియో టేపు నడక అందులో సగము కూడ లేదు. కావున పెద్దల మాటలు అసలే సన్నని దారపు పోగుపై వ్రేలాడుచున్నవి. నకలు తీయునపుడు అలక్ష్యము చేసినచో మొదట పోవునవి అవియే.

నకలు తీయుట యనగా కొలుచుట

టేపునుండి వచ్చు విద్యుత్ సంకేతము ఎడతెగక హెచ్చుతగ్గులగు ప్రవాహము. కంప్యూటరునకు తెలిసినవి అంకెలు మాత్రమే. కావున ఆ ప్రవాహమును కొన్ని కొన్ని క్షణములకు ఒకమారు కొలిచి, కొలతలను వరుసగా వ్రాసికొనుటే డిజిటల్ చేయుట. జ్వరపు రోగి ఉష్ణోగ్రతను గంటకొకసారి కొలిచి పట్టికలో వ్రాయుటకును దీనికిని స్వభావమున భేదము లేదు. ఎన్ని మార్లు కొలిచితిమి, ఎంత సూక్ష్మముగా కొలిచితిమి, కొలమానము సరియైనదా అను మూడు ప్రశ్నలు రెండు పనులకును సమానమే.

1982లో అంతర్జాతీయముగా ఏర్పరచిన ప్రమాణము ప్రకారము ప్రతి అడ్డగీతపై 720 కొలతలు తీయుదురు. మన పద్ధతిలో తెరపై కనబడు గీతలు 576. రెంటిని గుణించినచో ఒక్క చిత్రమునకు 4,14,720 బిందువులు. బిందువునకు రెండు బైట్లు, సెకనుకు 25 చిత్రములు అనుకొనినచో సెకనుకు 2 కోట్ల 7 లక్షల పైచిలుకు బైట్లు అగును. గంటకు సుమారు 75 గిగాబైట్లు; మూడు గంటల పెండ్లికి సుమారు 224 గిగాబైట్లు. ఈ సంఖ్యను విద్యార్థులు స్వయముగా గుణించి చూడవలెను. తరువాతి విమర్శ అంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

ఇంత పెద్ద ఫైలును కుదించు మార్గములు రెండు రకములు. ఒక రకములో ఒక్క అంకెయు పోదు. విప్పినపుడు యథాతథముగా వచ్చును. గ్రంథాలయములు, చిత్ర భాండారములు వాడు ‘ఎఫ్.ఎఫ్.వి.1’ అట్టి పద్ధతి. దానితో మన 224 గిగాబైట్లు సగముకంటె తక్కువకు దిగును. రెండవ రకములో కంటికి అంతగా కనబడవని తలచిన వివరములను తీసివేయుదురు. చూచుటకు, బంధువులకు పంపుటకు ఇది చక్కని ఉపాయమే. కాని తీసివేసినది మరల రాదు. మొదటిది ధాన్యమును గట్టిగా కూరి బస్తాలో నింపుట. రెండవది కొంత ధాన్యమును పారబోసి బస్తా చిన్నదైనదని సంతోషించుట.

ఒక నకలు పరీక్ష

డోన్‌లోని ఒక కుటుంబమువారు 1990 దశకపు తమ పెండ్లి టేపును నకలు చేయించి, ఆ పెన్‌డ్రైవును ఈ వ్యాసకర్తకు చూపిరి. పని చేసిన దుకాణము పేరు ఇచట అనవసరము. ఈ లోపములు ఒక దుకాణమునకు చెందినవి కావు. ఏ ఊరిలోనైనను కనబడునవే.

మొదటి లోపము ఆకారమునకు సంబంధించినది. మనుష్యులందరును లావుగా, పొట్టిగా నున్నారు. ఆనాటి తెర వెడల్పునకు ఎత్తునకు గల నిష్పత్తి 4:3. నేటి తెరల నిష్పత్తి 16:9. పాత చిత్రమును కొత్త తెర నిండునట్లు సాగదీసినచో ప్రతి వస్తువు వెడల్పు మూడవ వంతు పెరుగును. పరీక్ష సులభము. దృశ్యమున గుండ్రని వస్తువు నొకదానిని వెదకవలెను. ఈ నకలులో వాద్యకాని డోలు ముఖము తిన్నగా కెమెరా వైపు తిరిగిన చోటొకటి ఉన్నది. స్కేలుతో కొలిచి చూడగా అది వృత్తము కాదు, దీర్ఘవృత్తము. ఇరువైపుల నల్లని ఖాళీ ఉండుట లోపమని గిరాకీదారులు భావించుటయే ఈ తప్పునకు కారణము. ఆ నల్లని ఖాళీయే నిజాయితీ.

రెండవది చలనమునకు సంబంధించినది. మొదటిదానికంటె గొప్ప నష్టము. పాత టెలివిజన్ పద్ధతిలో ఒక చిత్రము ఒక్కసారిగా చిత్రింపబడదు. మొదట బేసి గీతలు, సెకనులో ఏబదవ వంతు గడచిన తరువాత సరి గీతలు చిత్రింపబడును. అనగా సెకనుకు 25 చిత్రములే అయినను, కాలమును మాత్రము 50 మార్లు పట్టుకొనినట్లు. తలంబ్రాలు పోసికొను ఘట్టమున బియ్యపు గింజలు పడుట ఎంతో నునుపుగా కనబడుటకు ఇదే కారణము. ఈ నకలులో సరి గీతలను పూర్తిగా పారవేసి, బేసి గీతలనే రెండింతలు చేసి తెర నింపిరి. ఫలితముగా నిలువు వివరములలో సగము, కాలపు క్షణములలో సగము పోయినవి. గింజలు జారుటకు మారుగా గంతులు వేయుచున్నవి. వీడియో సి.డి.ల కాలమున జరిగినది కూడ ఇదే. వాని చిత్రము 352 బిందువులు, 288 గీతలు. గుణించి 4,14,720తో పోల్చినచో అది నాలుగవ వంతుకంటె తక్కువ. ఆ సి.డి.లు చేయించి టేపులు పారవేసినవారు తమ పెండ్లిలో ముప్పాతిక భాగమును పారవేసినట్లే.

మూడవది కుదింపు. ఈ ఫైలు పరిమాణము 1.5 గిగాబైట్లు. మనము గుణించిన 224తో పోల్చినచో సుమారు నూట ఏబదవ వంతు. దీని ఫలితము హోమపు పొగలో స్పష్టముగా కనబడును. పొగ, నీటి తుంపర, జనసమ్మర్దము, జరీ చీర మడతలు ఇవి కుదింపు పద్ధతికి బహు కష్టమైన విషయములు. ఏ రెండు క్షణములును ఒకటిగా నుండవు. ఆ చోట్ల తెర అంతయు చతురపు ముక్కలుగా విరిగినది.

నాలుగవది శబ్దము. నాదస్వరము హెచ్చు స్థాయికి పోయినపుడెల్ల బొంగురు గరగర వినబడుచున్నది. కొలమానమునకు ఒక గరిష్ఠ అంకె ఉండును. సంకేతము దానిని మించినచో పైభాగమంతయు కత్తిరింపబడి అలశిఖరము బల్లపరుపగును. టేపును ముందుగా రెండు నిమిషములు నడిపి శబ్దపు స్థాయిని తగ్గించియున్నచో ఈ కీడు తప్పెడిది. ఖర్చు ఏమియు లేదు. శ్రద్ధ మాత్రమే కావలెను.

కొన్ని దోషములు నకలు చేసినవానివి కావని కూడ చెప్పవలెను. తెర అడుగున నాలుగైదు గీతల మేర అల్లల్లాడు పట్టీ ఒకటి ఉన్నది. అది ఒక శిరస్సు విడిచి మరియొక శిరస్సు అందుకొను తావు. అన్ని వి.హెచ్.ఎస్. టేపులలోను ఉండును. పాత టెలివిజన్ చట్రము దానిని కప్పివేసెడిది. అట్లే, పెండ్లి మాటలపై సినిమా పాటలను అద్దుట ఆనాటి వీడియోగ్రాఫరులు చేసిన పని. ఆ మాటలు ఆనాడే పోయినవి. విమర్శకుడు మూలములోని దోషమును, నకలులోని దోషమును వేరుచేసి చూడనిచో అది విమర్శ కాదు, నింద.

నిటారు గోడలు అలలవలె వంకరగా కదలుటను గూర్చి కూడ ఒక మాట. టేపు ప్రాతబడి సాగుటవలన ప్రతి అడ్డగీతయు కొంచెము ముందుగానో వెనుకగానో ఆరంభమగును. దీనిని చక్కబరచు ఉపకరణమునకు ‘టైమ్ బేస్ కరెక్టర్’ అని పేరు. అది ఒక్కొక్క గీతను క్షణకాలము నిలిపి, సరియైన వేళకు విడుచును. ఇది కొలుచుటకు పూర్వము చేయవలసిన పని. తరువాత చేయుట మిక్కిలి కష్టము. కాని ఈ ఉపకరణము గల దుకాణములు అరుదు, దాని వెలయు ఎక్కువ.

గ్రంథపాతము

ఇటీవల మరియొక వేడుక బయలుదేరినది. కృత్రిమ మేధచే పాత దృశ్యమును ‘మెరుగుపరచి’ నాలుగింతలు స్పష్టముగా చేసి ఇచ్చెదమని చెప్పుచున్నారు. పై నకలుతోపాటు అట్టి ముక్క నొకదానిని కూడ ఇచ్చిరి. అందు అమ్మమ్మ ముఖము అద్దమువలె నున్నది. ముడుతలు లేవు. ముక్కుపుడక ఒక చిత్రమున ఉన్నది, మరుసటి చిత్రమున లేదు.

కారణము స్పష్టమే. దూరముగా నిలిచిన మనిషి ముఖము టేపుపై ఇరువది ముప్పది బిందువుల మేర మాత్రమే ఉండును. అందు లేని వివరమును ఏ యంత్రమును వెలికి తీయజాలదు. లక్షలాది ఇతర ముఖములను చూచి నేర్చిన యంత్రము, ఇచట ఇట్లుండవచ్చునని ఊహించి గీయుచున్నది. అది అందమైన ఊహ కావచ్చును. అమ్మమ్మ ముఖము మాత్రము కాదు.

తెలుగువారికి ఈ సమస్య కొత్తది కాదు. తాటాకులపై గ్రంథములను వ్రాసికొన్న కాలమున ఆకులు పురుగులు తిని, పద్యపాదములు ఎగిరిపోయెడివి. కొందరు లేఖకులు ఆ ఖాళీలను తమ కవిత్వముతో పూరించిరి. మూలమేదో పూరణమేదో తెలియక తరువాతివారు చిక్కుపడిరి. శ్రద్ధగల పరిష్కర్తలు అట్లు చేయక, ఆ చోటును ఖాళీగా విడిచి ‘గ్రంథపాతము’ అని గుర్తు వ్రాసిరి. కడపలో ఉండగా సి.పి. బ్రౌను ఒకే గ్రంథపు పెక్కు ప్రతులను తెప్పించి, పండితులచే సరిపోల్చి చూపించినది కూడ ఈ కారణముచేతనే. వీడియో నకలునకు సైతము ఇదే ధర్మము. ఊహించి గీసిన చిత్రమును వేడుకకు ఉంచుకొనుడు. కాని అది వేరుగా, పేరుతో ఉండవలెను. మూలము యొక్క నకలులో చెరిగిన చోటు చెరిగినట్లే ఉండవలెను.

చంద్రునిపై తీసిన టేపు కథ

చిన్న దుకాణములనే తప్పు పట్టుట న్యాయము కాదు. ప్రపంచమున మిక్కిలి విలువైన టేపులకే ఈ గతి పట్టినది. 1969 జూలైలో అపోలో-11 వ్యోమగాములు చంద్రునిపై దిగినపుడు, అచటి కెమెరా సెకనుకు 10 చిత్రములు, చిత్రమునకు 320 గీతలు గల ప్రత్యేక పద్ధతిలో దృశ్యమును పంపెను. ఇండ్లలోని టెలివిజన్లు దానిని చూపజాలవు. అందుచేత భూమిపై ఆ దృశ్యమును ఒక తెరపై వేసి, దాని ఎదుట మరియొక కెమెరాను నిలిపి తిరిగి చిత్రించి ప్రసారము చేసిరి. ఆ మార్పిడిలో వెలుగునీడల వివరము ఎంతో పోయెను. మూల సంకేతము వేరుగా టేపులపై నమోదయ్యెను. కాని తరువాత ఆ టేపులు చెరిపి తిరిగి వాడబడియుండునని 2009లో నాసా సంస్థయే వెల్లడించెను. నేడు మనకు మిగిలినది మార్పిడి చేసిన నకలే.

టి.వి.లో టేపును ఆడించి, ఎదుట సెల్‌ఫోను పట్టుకొని చిత్రించుకొనువారు మన ఊళ్లలో ఉన్నారు. వారు చేయుచున్నదియు అదే మార్పిడి. వేరు దారి లేనపుడు అది తప్పు కాదు, శూన్యముకంటె మేలు. తప్పు తరువాత జరుగును: “పని అయినది” అని టేపును చెత్తకుప్పలో వేయుట.

‘శాశ్వతము’ అను మాట

ఇక ప్రకటనలోని రెండవ మాట. టేపు శాశ్వతము కాదనుట నిజమే. పొడిని పట్టియుంచు బంధక పదార్థము గాలిలోని తేమను పీల్చుకొని కాలక్రమమున విడిపోవును. రాయలసీమ పొడిగాలి బూజునకు కోస్తా గాలివలె అనుకూలము కాదు గాని, వేసవిలో అటకపై కూడు వేడి టేపును సాగదీయును, రసాయన క్షయమును త్వరపెట్టును. టేపుకంటె ముందుగా పోవుచున్నది మాత్రము యంత్రము. వి.సి.ఆర్.లను తయారుచేయుచుండిన చివరి సంస్థయగు జపానులోని ఫునాయ్ 2016 జూలైలో ఆ పని మానివేసెను. అయస్కాంత టేపుల సంరక్షణకు వ్యవధి దగ్గర పడినదని యునెస్కో పక్షమున 2019లో ప్రపంచమునకు హెచ్చరిక వెలువడెను.

యంత్రము పోవుట యనగా ఏమో డోన్‌వారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఒకప్పుడు ఈ జంక్షనునుండి మీటరు గేజి బండ్లు నడచెడివి. 1990 దశకమున దారులు బ్రాడ్ గేజికి మారినవి. పాత పెట్టెలలో లోపమేమియు లేకున్నను, వానికి తగిన పట్టాలు లేనిచో అవి అడుగైనను కదలవు. వి.సి.ఆర్. లేని టేపు సరిగా అట్టిదే. పెన్‌డ్రైవునకు మాత్రము ఈ గతి పట్టదని ఎవరు చెప్పగలరు? ఫ్లాపీ డిస్కులను చదువగల కంప్యూటరు నేడు ఎన్ని పాఠశాలలలో ఉన్నది?

పెన్‌డ్రైవు విద్యుదావేశమును చిన్న గదులలో బంధించి ఉంచును. ఆ ఆవేశము సంవత్సరముల తరబడి మెల్లగా కారిపోవచ్చును. హార్డ్ డిస్కు తిరుగు యంత్రము. అది ఒకనాడు ఆగిపోవును. వ్రాయదగు సి.డి.లోని రంగు పొర వెలిసిపోవును. టేపు చెడినచో బొమ్మ మసకబారును, తుంపరలు పడును, అయినను కొంత కనబడును. డిజిటల్ ఫైలు చెడినచో తరచు ఏమియు తెరుచుకొనదు.

అట్లైన డిజిటల్ చేయుటవలన లాభమేమి? లాభమున్నది, గొప్ప లాభము. టేపునకు టేపు నకలు తీసినచో తరమునకు తరము బొమ్మ క్షీణించును. అంకెల నకలు మూలముతో సర్వసమానము. నూరవ నకలు మొదటి నకలువంటిదే. కావున డిజిటల్ రక్ష అనునది ఏ ఒక్క వస్తువులోను లేదు. మరల మరల నకలు చేయు అలవాటులో ఉన్నది. గ్రామ కవిలెలలోని సంగతులు మెకంజీ కాలపు కైఫియతులలోనికి ఎక్కినవి. కవిలెలు పెక్కు నశించినవి. కైఫియతులు సైతము శిథిలమగుచుండగా తిరిగి వ్రాయించినందువలననే మనవరకు వచ్చినవి. ఏ తరమువారు ఆ పని మానినను అచటితో కథ ముగిసెడిది.

నకలు నిజముగా సర్వసమానమేనా అని పరీక్షించుటకు కూడ ఉపాయమున్నది. ఫైలులోని అంకెలన్నిటిపై ఒక నిర్ణీతమైన గణితము చేసి చిన్న సంఖ్య నొకదానిని రాబట్టుదురు. దీనిని ఫైలు యొక్క వ్రేలిముద్ర అనవచ్చును. వందల కోట్ల అంకెలలో ఒక్కటి మారినను ఆ ముద్ర పూర్తిగా వేరగును. ‘ఎస్.హెచ్.ఏ.-256’ అనునది ఇట్టి పద్ధతులలో ప్రసిద్ధము. నకలు చేసిననాడు ముద్రను కాగితముపై వ్రాసి, ఏటేట సరిచూచినచో ఫైలు చెడుట ముందే తెలియును.

నకళ్లు ఎన్ని ఉన్నను ఒకే బీరువాలో ఉన్నచో ఒక్కటే ఉన్నట్లు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి కర్నూలు నగరమును ముంచినది. వరదనీటికి టేపు, సి.డి., హార్డ్ డిస్కు అను భేదము లేదు. కర్నూలులో ఒకటి, డోన్‌లో ఒకటి, దూరముననున్న బంధువు ఇంట ఒకటి ఉన్నచో ఒక నది మూడింటిని ముంచజాలదు.

దుకాణదారుని పక్షము

దుకాణదారుడు చెప్పుకొనునది కూడ వినవలెను. మూడు గంటల టేపును ఎక్కించుటకు మూడు గంటలు పట్టును. త్వరగా నడుపుటకు వీలులేదు. పనిచేయు వి.సి.ఆర్. దొరకుట కష్టము, దాని శిరస్సులు దొరకుట మరింత కష్టము. గిరాకీదారుడు మాత్రము ఎంత తక్కువకు అగునని అడుగునే గాని, గీతలు రెండు రకములు ఉంచితివా అని అడుగడు. అడుగనిదానిని ఇచ్చు వర్తకము లోకమున లేదు. కావున ఈ విమర్శలో సగము గిరాకీదారునకు చెందును. అతడు అడుగవలసినవి ఐదు ప్రశ్నలు మాత్రమే. చిత్రము 4:3గానే ఉంచెదరా? సెకనుకు 50 క్షణములును నిలుచునా? కుదింపునకు పూర్వపు పెద్ద ఫైలును కూడ ఇచ్చెదరా? శబ్దపు స్థాయిని ముందుగా సరిచూచెదరా? టేపును తిరిగి ఇచ్చెదరా?

పెద్ద ఫైలునకు చోటు ఖర్చగునను మాట నిజమే. కాని ఒక టేపునకు 100 గిగాబైట్ల ప్రాంతమున చాలును. హార్డ్ డిస్కులు టెరాబైట్ల లెక్కన అమ్ముచున్న ఈ కాలమున, ఒక కుటుంబపు నాలుగైదు టేపులకు ఒక చిన్న డిస్కు సరిపోవును. పెండ్లి భోజనములలో ఒక పంక్తికి అయిన ఖర్చుకంటె అది ఎక్కువ కాదు.

పాఠశాలలు చేయదగిన పని

ఉపాధ్యాయులు విద్యార్థుల సహాయముతో మొదట ఊరిలోని టేపుల పట్టికను తయారుచేయింపవచ్చును: ఎవరి ఇంట ఎన్ని ఉన్నవి, ఏ సంవత్సరమువి, ఏ రకమువి, ఏ సందర్భమువి. అమెరికానుండి వచ్చినవి వేరు పద్ధతివి, 525 గీతలవి. వానిని వేరుగా గుర్తింపవలెను. ఇంటివారి అనుమతి లేక దేనిని ఆడించరాదు, ఎవరికిని చూపరాదు. టేపులను బల్లపరుపుగా కాక పుస్తకములవలె నిలువుగా, చల్లని పొడి చోట నిలుపవలెను. క్యాసెట్టు వెనుక అంచుననున్న చిన్న ప్లాస్టిక్ పలుకును విరిచినచో పొరపాటున దానిపై మరియొకటి రికార్డు కాకుండును. బూజు పట్టిన టేపును ఎన్నడును యంత్రములో పెట్టరాదు. యంత్రము చెడును, దాని తరువాతి టేపులకును బూజు అంటును. తడిసిన టేపును ఎండలో ఆరవేయరాదు.

నకలు తయారైన తరువాత రెండు ఫైళ్లుండవలెను. ఒకటి పెద్దది, ముట్టకుండ దాచవలసినది. రెండవది చిన్నది, చూచుటకు వాడవలసినది. తరువాత అతిముఖ్యమైన పని ఉన్నది. దానికి యంత్రము అక్కరలేదు. డోన్ నకలు ఫైలునకున్న పేరు ‘న్యూ ఫోల్డర్ 2’. తేదీ లేదు, ఊరు లేదు, మనుష్యుల పేర్లు లేవు. పందిటిలో వరుసగా కూర్చున్న పదునలుగురు వృద్ధులలో తొమ్మండుగురిని మాత్రమే ఇంటివారు గుర్తింపగలిగిరి. అవ్వ బ్రతికియున్నచో అందరిని చెప్పియుండునని వారనిరి. ఒక విద్యార్థి తన తాత ప్రక్కన కూర్చుండి, టేపు ఆడుచుండగా ఏ నిమిషమున ఎవరు కనబడుచున్నారో, ఏ పాట ఎవరు పాడుచున్నారో, ఏ ఇల్లు నేడు లేదో నోటుపుస్తకమున వ్రాసికొనినచో, ఆ పుస్తకము లేని నకలు ఎంత స్పష్టముగా నున్నను దానికి సాటి రాదు. ఈ నష్టమును ఏ ఉపకరణమును తరువాత పూరింపజాలదు. సమాధానము చెప్పగలవారు ప్రతి ఇంటను తగ్గుచున్నారు గనుక, నకలు తీయించుటకు డబ్బు కూడువరకు ఆగినను, ఈ పనికి మాత్రము వచ్చు సెలవులవరకైనను ఆగరాదు.